ఢావ్లోకి గిటార్ పెడితే తప్పేంది?

 

పోస్టు పెద్దగా ఉంటాది. ఓపిక లేనోళ్లు ఇక్కడే లైక్ కొట్టి పోండి, ఏమనుకోం. చదవకుండా కామెంట్ మాత్రం పెట్టొద్దండి. పోయినసారి అదే జరిగింది.

పోయిన నెల మా హాస్టల్ తమ్ముడు పాడిన వీడియో ఈ గ్రూపులో పెట్టినాం. రెండు నిమిషాల నలభై సెకన్లు. వాడు మా నలుగురి రూములో నాలుగోవాడు. సేవాలాల్ జయంతికి, తీజ్‌కు పాడే మా హాస్టల్ బృందంలో రెండేళ్లు నంగారా కొట్టినాడు. ఈ ఏడు బృందం వదిలేసి ఒక్కడే పాడతానన్నాడు. సెలవుల్లో బెంగళూరులో వాళ్ల బాపుతో కలిసి సెంట్రింగ్ పనికి పోయి, వచ్చిన డబ్బుతో సెకండ్ హ్యాండ్ గిటార్ కొనుక్కొచ్చినాడు. వాళ్ల యాడి దగ్గర నేర్చుకున్న ఢావ్లో రాగం, గిటార్ మీద మూడు కార్డులు, ఫోన్‌లో డ్రమ్స్, గొంతు చించుకొని అరుపు. అంతే పాట. ఏడుపు పాటను పంక్ రాక్ లెక్కన పాడినాడు. మాటలు వాడు రాసుకున్నవే. వాన రాని ఏడు సెనక్కాయ చేను ఎండిపోయి, ఇల్లిల్లూ బెంగళూరు బస్సెక్కితే, తండాలో ముసలోళ్లు, గొర్రెలు, తలుపులకు తాళాలు మిగలడం గురించి.

కింద వచ్చిన మాటలు మూడు రకాలు. ఒకటి: ఢావ్లో అంటే అత్తారింటికి పోయే ఆడపిల్ల అందరినీ పట్టుకొని ఏడ్చే పాట, మొగపిల్లోడు గిటార్ ఏసుకొని అరిచేదానికా? రెండు: మన సంస్కృతిని నాశనం చేస్తాండారు. మూడోది ఒక పెద్దన్న పెట్టినాడు. నువ్వు కూడా మంగ్లి మాదిరి తండాను అమ్ముకొని బాగుపడు తమ్ముడూ, అని. దానికి చానా మంది నవ్వే బొమ్మలు పెట్టినారు.

ఆ మూడో మాటకే ఈ పోస్టు.

అన్నా, మంగ్లి ఎక్కడి పిల్లో నీకు తెల్వదా? సత్యవతి అనే ఆ పిల్ల మన గుత్తి మండలం బసినేపల్లి తండాలో పుట్టింది. సేవాగఢ్ ఉండేది కూడా అదే మండలంలో. (సేవాలాల్ మహరాజ్ పుట్టింది మా సూరగొండనకొప్పలోనే అని కర్ణాటక వాళ్లంటారు. ఆ పంచాయితీ ఇంకోరోజు పెట్టుకుందాం.) తిరుపతిలో సంగీతం నేర్చుకొని హైదరాబాద్ పోయింది. వీ6 టీవీలో మాటకారి మంగ్లి అని పేరు తెచ్చుకుంది. ఆడ గట్టి ఉద్యోగం, రోజూ టీవీలో మొహం. అయినా టీవీ యాంకర్‌గా ఉండిపోకుండా బయటికొచ్చి పాట పట్టుకుంది. పండగ పండగకు పాట చేసింది, సొంత యూట్యూబ్ చానల్ పెట్టుకుంది. జానపదం బాణీకి స్టూడియో బీట్ కలిపింది. 2020లో అల వైకుంఠపురములో సినిమాలో రాములో రాములా, 2021లో లవ్ స్టోరీలో సారంగ దరియా. అదే ఏడు డిసెంబర్‌లో పుష్ప వస్తే, ఊ అంటావా పాట పాడింది ఆమె చెల్లెలు ఇంద్రావతి చౌహాన్. ఒక తండా నుంచి ఇద్దరు ఆడపిల్లల గొంతులు దేశమంతా మోగినాయి. ఆ పాటలు మీ పెండ్లిండ్లలో పెట్టుకోలేదా? డీజే ముందర ఎగరలేదా? ఎగిరేటప్పుడు మన పిల్ల, కామెంట్ పెట్టేటప్పుడు అమ్ముకున్న పిల్లనా?

ఇంకో మాట ఎవురూ అనరు. మంగ్లి అనేది మన తండాల్లో అవ్వల పేరు. మంగ్లి, సోమ్లి, సక్రి, దేవ్లి. కాలేజీలో చేరేటప్పుడు మనం ఏం చేసినాం? మా క్లాసులో ఒక చెల్లెలు పదో తరగతి సర్టిఫికెట్‌లోనే పేరు మార్పించుకొని వచ్చింది. మా రూములోనే ఒకడు నాయక్ అనే మాటను ఎన్. అని పొట్టి చేసి రాస్తాడు. ఎందుకురా అంటే, క్యాంపస్ ఇంటర్వ్యూకు ఎందుకొచ్చిన తలకాయ నొప్పి అంటాడు. వాణ్ణి తప్పు పట్టడంల్యా, మేము కూడా బస్సులో పక్కన ఎవురన్నా కూర్చుంటే ఫోన్‌లో యాడితో తెలుగులోనే మాట్లాడతాం. అట్లాంటి మనం, సత్యవతి అనే నలుగురు మెచ్చే పేరు ఉండి కూడా మంగ్లి అనే పేరుతో టీవీలోకి పోయిన మనిషిని తండాను వదిలేసింది అంటాండాం.

ఒంటరిగా పోయింది అంటారు. నిజమే. ఒంటరిగా పోక ఏం చేస్తాది? అనంతపురంలో పాట రికార్డు చేసుకునే స్టూడియో మనకెవరు పెట్టినారు? సీమ యాస సినిమాల్లో సుమోలు గాల్లో లేపేటప్పుడు తప్ప ఎవురికీ పనికిరాదు. గోర్‌బోలి అయితే అదికూడా ల్యా. ఆ పిల్ల బతకాలంటే తెలంగాణ యాస పట్టాల, బతుకమ్మ పాట పట్టాల, బోనాల పాట పట్టాల. పట్టింది. 2021లో బోనాల పాటలో ఒక మాట మీద గొడవ లేస్తే నీది ఏ ప్రాంతం అని అడిగినోళ్లు కూడా ఉన్నారు. ఆడ పరాయిది, ఈడ అమ్ముకున్నది. ఇంగ యాడికి పోవాల?

ఆమె పాటలన్నీ మాకు ఇష్టమని కాదు. కొన్ని సినిమా పాటలు వింటే విసుగొస్తాది. ఆ విసుగు పాట మీద. ఫలానా పాట బాగాలేదు అను, ఎందుకు బాగాలేదో చెప్పు, మేము కూడా తోడొస్తాం. మనిషినే తండా లెక్కల నుంచి కొట్టేసేదానికి నువ్వేమన్నా నాయక్‌వా, కార్‌భారివా?

ఇంగ కలపడం గురించి. కలిపితే పాట చెడిపోతుంది, మన పాట శుద్ధంగా ఉండాల అంటారు కదా. మా తమ్ముడికి గిటార్ పిచ్చి ఎక్కించింది అమెరికాలోని బెల్‌విల్ అనే చిన్న ఊరి పిల్లోళ్లు. అది ఇల్లినాయ్ రాష్ట్రంలో ఉంది. జే ఫరార్, జెఫ్ ట్వీడీ. అంకుల్ టుపెలో అని బ్యాండ్ పెట్టినారు. వాళ్ల వయసు పిల్లోళ్లంతా పంక్ వింటాండే కాలం. పంక్ అంటే మూడు కార్డులు, దడదడా డ్రమ్స్, కోపం. సంగీతం చదువుకోనక్కర్లేదు, గిటార్ పట్టుకున్న ఎవుడైనా పాడొచ్చు అనేది దాని లెక్క. వీళ్లేం చేసినారంటే ఆ కోపాన్ని తీస్కపోయి తమ తాతల కంట్రీ పాటల్లో పెట్టినారు. 1990లో వాళ్ల మొదటి ఆల్బం నో డిప్రెషన్ వచ్చింది. ఆ పేరున్న పాట 1936లో కార్టర్ ఫ్యామిలీ పాడింది. అంటే వాళ్లకు కూడా అది అవ్వాతాతల కాలం పాటే. ఆ కలపడానికి తర్వాత ఆల్టర్నేటివ్ కంట్రీ అని పేరొచ్చింది, నో డిప్రెషన్ పేరుతోనే 1995లో ఒక పత్రిక కూడా మొదలైంది. 1994లో బ్యాండ్ విడిపోయి ఇద్దరూ ఎవరి దోవ వాళ్లు చూసుకున్నారు. ఒకరు సన్ వోల్ట్, ఒకరు విల్కో. పాత పాట మాత్రం ఆడ్నే ఉంది, ఎవురూ దాన్ని మింగలేదు.

అసలు వాళ్ల కంట్రీ పాట మాత్రం శుద్ధమా? దాంట్లో టింగుటింగుమనే బ్యాంజో ఆఫ్రికా నుంచి బానిసలుగా పట్టుకొచ్చిన మనుషుల వాయిద్యం. 1920లలో రికార్డు కంపెనీలు నల్లోళ్ల పాటలకు రేస్ రికార్డ్స్ అని ఒక డబ్బా, తెల్ల పల్లెటూరోళ్ల పాటలకు హిల్‌బిల్లీ అని ఒక డబ్బా చేసి అమ్మినాయి. ఇద్దరూ ఒకరి పాట ఒకరు నేర్చుకొని పాడతాండిన రోజుల్లోనే. పాటను శుద్ధం చేసింది పాడేవాళ్లు కాదు, డబ్బాలు కట్టినోళ్లు.

అంత దూరం ఎందుకు, మన అవ్వ పెట్టె తెరిచి చూడండి. కాంచళి మీద కుట్టిన అద్దాలు సంతలో కొన్నవే. మెళ్లో దండకు గుచ్చిన పాత రూపాయి బిళ్లల మీద ఎవరి బొమ్మ ఉంది? ఇంగ్లాండు రాజుది. ఆ తెల్లదొరల సర్కారే 1871లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చి మనలాంటి సంచార జాతులను పుట్టుకతోనే దొంగలని రాసింది. ఆ దొర బొమ్మకు బెజ్జం పొడిచి, దండకు గుచ్చుకొని, దాన్ని మన సొమ్ము చేసుకుంది మన అవ్వ. దంతం గాజులు పోయి ప్లాస్టిక్ గాజులొచ్చినాయి, అవి కూడా మనవే అయినాయి. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం ఏసుకొని దేశాలు తిరిగిన జాతి మనది. తిరిగిన చోటల్లా ఒక మాట ఎత్తుకున్నాం. అనంతపురం తండాల బోలిలో తెలుగుంది, కన్నడముంది. మరాఠ్వాడా తండాల బోలిలో మరాఠీ ఉంది. ఎద్దు మెడలో గంట మన పాటలోకి వచ్చింది కానీ గిటార్ తీగ రాకూడదా?

కోపం తెచ్చుకోవాల్సిన కలపడం ఒకటుంది, దాని గురించి ఈ గ్రూపులో ఒక్క పోస్టు మేము చూళ్లేదు. 2011 జనాభా లెక్కల్లో లంబాడీ, బంజారీ మాట్లాడేవాళ్లను హిందీ కింద కలిపేసి లెక్కపెట్టినారు. మన యాడి మాట్లాడే మాట సర్కారు పుస్తకంలో హిందీ. సంతాలీ, బోడో భాషలు 2003 సవరణతో ఎనిమిదో షెడ్యూల్లోకి వచ్చినాయి, గోర్‌బోలి ఇంకా బయటే నిలబడి ఉంది. మా తమ్ముడి గిటార్ కంటే ఇది చిన్న విషయమా?

ఇప్పుడు అసలు సంగతి చెప్తాం. ఇది మాకే సిగ్గుగా ఉండే సంగతి.

మొదటి కామెంటు, ఢావ్లో ఆడోళ్ల పాట అన్నది, ఉత్తి మాట కాదు. దాని మీద మాకే అనుమానం ఉండింది. అందుకని పోయిన ఆదివారం వాడి ఊరికి పోయినాం. వాళ్ల యాడి ఉగాదికని బెంగళూరు నుంచి వచ్చింది. ఫోన్ చేతికిచ్చి వీడియో పెట్టినాం. ఆమె మొత్తం విన్నది. మళ్లీ పెట్టమన్నది. తిడతాదేమో అని మేమంతా కింద చూస్తాండాం. అరుపు గురించి ఏమీ అనలా. గిటార్ గురించి ఏమీ అనలా. మొగపిల్లోడు పాడొచ్చా అని అడిగితే, వాడు కూడా ఇల్లు వదిలిపోయినోడే కదా, ఏడ్వనీ అనింది. ఆమె అడిగింది ఒకటే. రాగం నాది, మధ్యలో నా మాటలు యాడికి పోయినాయి?

వాడు పాటంతా తెలుగులో రాసినాడు. వినేవాళ్లకు అర్థం కావాల కదా అని. ఢావ్లో రాగంలో ఒక్క గోర్‌బోలి మాట లేదు. యాడి అనే మాట తీసేసి అమ్మ అని పెట్టినాడు. సంస్కృతి, సంస్కృతి అని కింద రాసినోళ్లలో ఒక్కరికి కూడా అది కనపడలా. గిటార్ కనపడింది. చేర్చింది కనపడింది, తీసేసింది కనపడలా. మాకు కూడా కనపడలేదు, ఒప్పుకుంటాం. రూములో నలుగురం పక్కన కూర్చొని ఆ పాట రాస్తాండే చూసినోళ్లమే. ఈ పోస్టు కూడా తెలుగులోనే రాస్తాండాం చూడండి. గోర్‌బోలిలో ఇంత పొడుగు రాయమంటే మాకు రాదు. మాట్లాడతాం, రాయలేం. హాస్టల్లో మూడో తరగతి నుంచి ఉండినోళ్లం, రాత్రి పూట దుప్పట్లో తప్ప ఆ బోలి మాట్లాడింది ల్యా.

మంగ్లిని అడగాల్సింది ఏమన్నా ఉంటే ఇదే అడగాల. అక్కా, నీకు ఇప్పుడు ఎవురి పర్మిషనూ అక్కర్లేదు, నీ చానల్ నీదే, మన బోలిలో ఇంకా పాడు, అని. ఆమె పాడలేదని కాదు, మన బోలిలో పాడిన పాటలు ఉన్నాయి. అవి ఎంతమంది షేర్ చేసినాం? సినిమా పాట వచ్చిన రోజు స్టేటస్ పెట్టుకున్నోళ్లు ఆ రోజు ఏమైనారు? చూసేవాళ్లు లేని పాటను ఎవురైనా ఎన్నిసార్లు చేస్తారు? అమ్ముకుంది అన్నారే, మన బోలి పాట కొనేదానికి మనమే రాలేదు కదా.

శుద్ధంగా ఉండాల అనే మాట మనకు ఎవరు నేర్పినారో కూడా చూసుకోవాల. మా కాలేజీలో ఒక ఫంక్షన్ జరిగింది. కాలేజీ పేరు వద్దు. గిరిజన నృత్యం ఉండాలన్నారు. మా చెల్లెళ్లు ఫేటియా, కాంచళి ఏసుకొని గేటు దగ్గర ఎండలో రెండు గంటలు నిలబడినారు, పెద్దాయన కారు దిగేటప్పుడు ఆడాలని. నాలుగు నిమిషాలు ఆడినారు. ఫోటోలు తీసుకున్నారు. తర్వాత మా తమ్ముడు గిటార్‌తో ఎక్కితే, బాబూ, మీ కల్చర్ అయిపోయింది కదా, ఇది వెస్టర్న్ కింద వస్తుంది, లిస్టులో లేదు అని మైక్ ఆపేసినారు. బెంగళూరు వలస గురించి పాడితే మన కల్చర్ కాదంట. అద్దాల బట్టలేసుకొని ఎండలో నిలబడితే కల్చర్ అంట. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూఇటూగా పడే వాన, ఎండిన సెనక్కాయ, రాత్రి బస్సు, ఇవి మన బతుకులో లేవంట. అంకుల్ టుపెలో డబ్బాల సంగతి చెప్పినాం కదా, అదే డబ్బా. ఇప్పుడు ఆ మూత మన అన్నలే తెచ్చి పెడతాండారు.

పేరు గురించి కూడా ఒక మాట చెప్పి ముగిస్తాం. రాక్, ర్యాప్, జానపదం కలిపితే డబ్బులొస్తాయని ఇప్పుడు అందరికీ తెలిసిపోయింది. చౌరస్తా బ్యాండ్ నుంచి వచ్చిన రామ్ మిరియాల సొంతంగా పాటలు చేసి, 2022లో డీజే టిల్లు పాటతో ఇల్లిల్లూ తెలిసినాడు. ఆయన కలిపితే ప్రయోగం అన్నారు, సంతోషం, ఆయన పాటలు మాకూ ఇష్టమే. చెన్నైలో క్యాస్ట్‌లెస్ కలెక్టివ్ అనే బృందం గానా, రాక్, ర్యాప్ కలిపి మొదలుపెట్టింది. దాంట్లో పాడిన అరివు, వాళ్ల అవ్వ టీ తోటల్లో పడిన కష్టం తలుచుకొని 2021లో ఎంజాయ్ ఎంజామి రాసినాడు. ధీతో కలిసి పాడినాడు. ప్రపంచమంతా విన్నది. అదే ఏడు ఆగస్టులో రోలింగ్ స్టోన్ ఇండియా పత్రిక అట్ట మీద ధీ ఉంది, ఇంకో ర్యాపర్ ఉన్నాడు, అరివు లేడు. దర్శకుడు పా. రంజిత్ బహిరంగంగా అడిగినాడు, గోలైంది, తర్వాతే అరివు బొమ్మ వచ్చింది. మన దగ్గర సారంగ దరియాకు కూడా అదే తగువు. ఆ పాటను ముందు వెలుగులోకి తెచ్చింది నేనే అని వరంగల్ వైపు జానపద గాయని ముందుకొస్తే తప్ప ఆమె సంగతి బయటికి రాలా. ఎవురు రాసినారో తెలియని తండా పాటకు చట్టంలో సొంతదారు ఉండడు, దాన్ని రికార్డు చేసినోడికి మాత్రం ఆ రికార్డు మీద హక్కు ఉంటాది. రేపు మన ఢావ్లోను ఎవురో ఏసీ స్టూడియోలో రికార్డు చేసి జానపదం అని రాసి పెట్టుకుంటారు. అప్పుడు మనం కింద ఏం కామెంట్ పెడతాం? సంస్కృతి నాశనం అనా?

అందుకే మా వాడు కొత్త వీడియో చేసినాడు. గిటార్ ఉంది. అరుపు ఉంది, ఇంకొంచెం ఎక్కువే ఉంది. నడుమ ఎనిమిది గీతలు వాళ్ల యాడి చెప్పిన గోర్‌బోలి మాటలు, ఆమె గొంతుతోనే. ఫోన్‌లో రికార్డు చేసినాం, వెనకాల కోడి కూత కూడా పడింది, తీసేయలా. కింద రాసిన పేర్లలో మొదటి పేరు ఆమెది. ఆమె పేరు తెలుగు అక్షరాల్లో ఎట్ల రాయాలో మాకు తెలియక ఆధార్ కార్డు చూసి రాసినాం, ఆధార్‌లో కూడా తప్పే ఉందంట. ఆమె పలికినట్టు మళ్లీ మార్చినాం.

మొదటి కామెంట్ పెట్టిన అక్కకు ఒక మనవి. మీకు ఢావ్లో తెలుసని అర్థమైంది. మీ వైపు ఎట్ల పాడతారో వాయిస్ మెసేజ్ పెట్టండి, కదిరి వైపు రాగం మా వైపు రాగం వేరంటారు. పెద్దన్నకు కూడా ఒక మనవి. ఫిబ్రవరి 15న సేవాగఢ్ వస్తావు కదా, మేము కూడా వస్తాం. స్టేజీ మీద పది నిమిషాలు అడిగినాం, ఇంకా ఏ మాటా చెప్పలా. ఇవ్వకపోతే కింద చెట్టు దగ్గర పాడతాం. మా నంగారా తోలు చినిగింది, కొత్తది మూయించడానికి డబ్బుల్లేవు. మీ తండాలో నంగారా ఉంటే ఒక్క రోజుకి తెచ్చిపెట్టన్నా. గిటార్ తీగలు మేమే తెచ్చుకుంటాం.